గేటు దగ్గర సంతకం

పదకొండో భాగం

సంయుక్త ఏడో పేరాను మెట్రో రైల్లో చదివింది. చదివిన తరువాత కూకట్‌పల్లిలో దిగడం మరిచి కేపీహెచ్‌బీ దాకా పోయింది. కిందటి వారం ఆమెను ఆ ప్లాట్‌ఫారం మీద, చేతిలో కాగితంతో వదిలిపెట్టాం.

ఆ కాగితం ఆమె సాక్ష్యపు ప్రమాణ పత్రం. గోపన్‌పల్లిలో ఆమె ఉంటున్న అపార్ట్‌మెంటు లేచిన నేల ఒకప్పుడు సాయిలుది. గేదెల పాలు అమ్మి కొన్న నేల. పాలు పితికింది సాయిలు ఒక్కడే కాదు. అత్తవారింటి నుంచి తిరిగి వచ్చేసి ముప్ఫై ఏళ్లు అన్న పక్కన నిలిచిన చెల్లెలు కనకలక్ష్మి కూడా. పట్టాలో మాత్రం ఒక్క పేరే ఉంది. బిల్డరు ఇచ్చిన ఫ్లాట్లలో కింది అంతస్తుది చెల్లెలికి, మిగిలినవి కొడుకు ఓంకార్‌కు అని సాయిలు వీలునామా రాసి, ఆ ఏడాదే కన్నుమూశాడు. అది నిజమైన వీలునామాయేనని కోర్టు ముద్ర వేయాలని కనకలక్ష్మి, చెల్లదని ఓంకార్ మూడేళ్లుగా తిరుగుతున్నారు. సాక్షి సంతకాలు రెండు. మొదటిది ఇస్త్రీ బండి వీరేశంది. సాయిలు ఇంట్లోనే, ఆయన ఎదుటే చేశాడు, దానితో ఓంకార్‌కు పేచీ లేదు. వీరేశం ఇప్పుడు లేడు. రెండోది సంయుక్తది.

ఏడో పేరాలో ఒకే వాక్యం ఉంది. “సదరు సాయిలు గారి సమక్షమున నేను సాక్షిగా సంతకము చేసితిని.”

వాక్యం తీరుగా ఉంది. నిజం మాత్రం కాదు.

ఆమె వెనక్కి వచ్చి కోర్టు మెట్లెక్కేసరికి పదిన్నర దాటింది. వరండాలో సిమెంటు దిమ్మె మీద కనకలక్ష్మి కూర్చుని ఉంది. పక్కనే ఓంకార్, ఆమె మందుల సంచి పట్టుకుని. వాది ప్రతివాది ఒకే బండి మీద వచ్చారు. ప్రతి వాయిదాకూ అలాగే వస్తున్నారు.

“వచ్చినవా బిడ్డా,” అంది కనకలక్ష్మి. “కూసో. మన పేరు పిల్వలే ఇంక.”

“ఎండలో బండి మీద వచ్చారా పెద్దమ్మా?”

“వీడే తెచ్చిండు. నాకు టోపీ పెడ్తడు, వాడు పెట్టుకోడు. పోలీసోళ్లు పట్టుకుంటరంటే ఇనడు.”

ఓంకార్ నవ్వలేదు. “కొట్లాట కాయితాల మీద మేడమ్. రెండు బస్సులు మారి వస్తదా ఈమె?”

“మరి కాయితం చెల్లదని ఎందుకు అడ్డం పడ్తివిరా?”

“ఎన్నిసార్లు అడుగుతవత్తా? నన్ను కన్నామె కన్ను మూస్తే సాదింది నువ్వు. అసుంటి నిన్ను నేను బయటికి ఎల్లగొడ్తనని మా నాయిన కాయితం రాసి పోయిండు. అది ఊరంత చదివె. నిన్ను సాదనీకి నాకు కాయితం గావాల్నా?”

“నువ్వు ఎల్లగొట్టవు. నీ బామ్మర్ది కింద హాస్టల్ పెడ్తనంటుండు గద. పెట్టినంక నన్ను యాడ పండవెడ్తవ్, వంటగదిలనా?” కనకలక్ష్మి గొంతులో కోపం లేదు. సంయుక్త వైపు తిరిగింది. “మొగుని ఇంట్ల ఉన్న. అన్న ఇంట్ల ఉన్న. ఇగ అల్లుని ఇంట్ల ఉండుమంటడు. ఒక్క తలుపుకన్న నేను తాళం ఏసుకుంటే అది నాదని అనిపియ్యాలె బిడ్డా. సచ్చేటప్పటికి.”

ఓంకార్ సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మూత తిప్పి ఆమె చేతికిచ్చి, దూరంగా పోయి నిలబడ్డాడు.

కనకలక్ష్మి తరఫు వకీలు ప్రవళిక నల్లకోటు చేతి మీద వేసుకుని వచ్చింది. ముప్ఫై రెండేళ్ల మనిషి. లింగంపల్లిలో రెండు గదుల ఆఫీసు. సంయుక్త ఆమెను పక్కకు తీసుకుపోయింది.

“ఏడో పేరా నిజం కాదండి.”

ప్రవళిక కాగితం తీసుకుని చదివింది. “ఆయన ముందు పెట్టలేదా మీరు?”

“గేటు దగ్గర పెట్టాను. ఆయన నా పక్కన లేరు.”

“మరి దీని మీద సంతకం పెట్టేటప్పుడు చదవలేదా మేడమ్?”

“లేదండి. అప్పుడు అదీ చదవలేదు, ఇప్పుడు ఇదీ చదవలేదు.”

ప్రవళిక గోడకు ఆనుకుంది. “మా టైపిస్టు దగ్గర నమూనా ఉంటది. వీలునామా సాక్షి అంటే అదే వాక్యం కొడతడు. నేనన్నా ఆపి మిమ్మల్ని అడగాల్సింది. అది నా తప్పు.” కాగితం తిరిగి ఇచ్చింది. “చట్టం ఏమంటదో చెప్తా, తర్వాత మీ ఇష్టం. రాసినాయన సంతకం పెట్టంగ సాక్షి చూడాలె; లేకుంటే, ఇది నా సంతకమే అని ఆయన నోట వినాలె. అది మీరు విన్నరు, నాకు ముందే చెప్పిండ్రు. రెండోది, సాక్షి సంతకం ఆయన ముందే పడాలె. ఈ ఒక్కటి తప్పితే ఎంత నిజమైన వీలునామా అయినా చిత్తు కాయితమే.”

“నేను ఏం చెప్పాలి?”

“అబద్ధం చెప్పుమని నేను అనలేను. నిజం చెప్తే ఏమైతదో మాత్రం మీకు తెల్వాలె.” ప్రవళిక కళ్లు దిమ్మె మీది ముసలామె వైపు పోయాయి.

సంయుక్త కూడా అటే చూసింది. ఒక సంగతి తనకే తెలుసు. ఆ వీలునామా గేటు దగ్గరికి రావడానికి కారణం సాయిలు కాదు. ఆ సంతకానికి ముందురోజు సాయంత్రం ఆయన కాగితం పట్టుకుని మూడో అంతస్తు దాకా వచ్చాడు. ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు, అవతల పదిమంది మీటింగు. “ఇది నా సంతకమే బిడ్డా, నా చేత్తోని పెట్టిన. నువ్వు గూడ పెడ్తే అయిపోతది,” అన్నాడాయన. ఆమె మైకు మూసి, “గేటు దగ్గర పెట్టండి సాయిలు గారూ, పొద్దున వెళ్తూ చేసేస్తాను,” అంది. అక్కడ అన్నీ అలాగే జరుగుతాయి. నీళ్ల ట్యాంకరు పుస్తకం, గ్యాసు తనిఖీ పత్రం, సంఘం తీర్మానాలు సెక్యూరిటీ టేబుల్ మీదికి వస్తాయి; ఆఫీసు క్యాబులు ఆగి ఉండగా జనం సంతకాలు గీసి పోతారు. నేలను బిల్డరుకు ఇచ్చిననాడు పదిమంది పెద్దల నడుమ కూర్చుని వేలు వణకకుండా సంతకం చేసిన మనిషి, అపార్ట్‌మెంటు వాళ్ల పద్ధతి ఇదే కాబోలు అనుకొని, తల ఊపి దిగిపోయాడు. మర్నాడు వీలునామా ట్యాంకరు పుస్తకం కింద ఉంది. ఆమె సంతకం చేయడానికి పట్టిన కాలం పది సెకన్లు. ఆయన ఎక్కి వచ్చిన మెట్లకు అంతకంటే ఎక్కువే పట్టి ఉంటుంది.

లోపల పిలుపులు మొదలయ్యాయి. వాళ్లు వెనక బెంచీలో కూర్చున్నారు.

ఈ హాలులో దొంగలు, హంతకులు కనిపించరు. వచ్చేవాళ్లంతా ఎవరో ఒకరు పోగా మిగిలినవాళ్లు. ప్రతి కేసులోనూ అసలు మనిషి రాడు. ఆయన పేరు పిలుస్తారు, ఆయన తరఫున కాగితాలు లేస్తాయి. మొదట ఒక పాతికేళ్ల భార్య, ఒక యాభై ఏళ్ల తల్లి. పోయిన అబ్బాయి బ్యాంకు ఖాతాకు నామినీగా పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, తరువాత మార్చడం మరిచాడు. వారసత్వ ధ్రువపత్రం కోసం ఇద్దరూ ఒకే బెంచీ మీద, మధ్యలో ఒక చేతిసంచి పెట్టుకుని కూర్చున్నారు. ఆ సంచి ఇద్దరిలో ఎవరిదో సంయుక్తకు అర్థం కాలేదు. ఆ తరువాత తల్లీ తండ్రీ లేని మనవరాలి వాటా స్థలాన్ని ఆమె చదువు కోసం అమ్మడానికి అనుమతి అడుగుతూ ఒక తాత. న్యాయమూర్తి ఆ పిల్లనే దగ్గరికి పిలిచి, ఏం చదవాలని ఉందని అడిగారు. పిల్ల తాత వైపు చూసి, “ఇంక అనుకోలే మేడమ్,” అంది. “అనుకున్నాక ఇద్దరూ రండి,” అని ఆవిడ వాయిదా వేశారు. ఆ వెంటనే ఎవరూ కాదనని ఒక వీలునామా నాలుగు నిమిషాల్లో ముగిసిపోయింది. దానికి సాక్షిగా వచ్చిన పెద్దమనిషి తన సంతకాన్ని వేలితో తడిమి చూసుకుని బోనులోంచి దిగాడు.

బతికినంతకాలం మనిషి మాటను ఎవరూ ఇంత శ్రద్ధగా వినరని సంయుక్తకు తోచింది. వినవలసిన సాయంత్రం ఆమె కూడా వినలేదు.

“సంయుక్తా.” బంట్రోతు మూడుసార్లు పిలిచాడు.

ఆమె బోనులోకి ఎక్కి ప్రమాణం చేసింది. ప్రవళిక లేచి, కాగితం చూపి, ప్రమాణ పత్రంలో ఉన్నవన్నీ నిజమేనా అని అడిగింది. అడుగుతున్నప్పుడు ఆమె సంయుక్త ముఖం చూడలేదు.

“ఏడో పేరా తప్ప,” అంది సంయుక్త.

న్యాయమూర్తి కళ్లజోడు సవరించుకున్నారు. “ఏడో పేరాలో ఏముంది?”

సంయుక్త చెప్పింది. సాయంత్రం తలుపు దగ్గర సాయిలు అన్న మాట చెప్పింది. తను అన్న మాట కూడా చెప్పింది. టేబుల్ గురించి, పుస్తకం గురించి, పది సెకన్ల గురించి చెప్పింది. హాలు వెనక ఎవరో దగ్గి ఊరుకున్నారు.

“ఈ ప్రమాణ పత్రం మీద సంతకం మీదే కదా?”

“నాదేనండి. చదవకుండా చేశాను.”

“ఆ సంగతి విడిగా చూస్తాను,” అన్నారు న్యాయమూర్తి. తప్పుడు ప్రమాణానికి శిక్ష ఉంటుందని సంయుక్తకు తెలుసు. భయం వేసింది. అయితే ఆ భయం కంటే పెద్దది, వెనక బెంచీ మీద కదలకుండా కూర్చున్న కనకలక్ష్మి తెల్లచీర.

ఓంకార్ వకీలు నరసింహమూర్తి లేచాడు. ముప్ఫై ఏళ్ల అనుభవం. కోనసీమ నుంచి వచ్చి ఈ కోర్టులోనే జుట్టు నెరిసినవాడు. గొంతు పెంచే అలవాటు లేదు.

“అమ్మా, మీరేం ఉద్యోగం చేస్తారు?”

“సాఫ్ట్‌వేర్ కంపెనీలోనండి. తయారైన ప్రోగ్రామును పరీక్షించి, ఇక బయటికి పంపవచ్చని సంతకం చేసే విభాగం నాది.”

“అయితే సంతకం విలువ తెలిసినవారే.”

“తెలుసు అనుకునేదాన్నండి.”

“మంచిది. ఆ ఉదయం మీరు సంతకం చేసినప్పుడు సాయిలు గారు మీ పక్కన లేరు.”

“లేరండి.”

“ఎదురుగా?”

“చూడలేదండి.”

నరసింహమూర్తి కూర్చోబోయాడు. న్యాయమూర్తి చేయి ఎత్తారు.

“ఉండండి. లేరా, మీరు చూడలేదా? రెండూ ఒకటి కాదు.”

సంయుక్త తడబడింది. ఇన్ని రోజులూ ఆమె ఆ రెంటినీ ఒకటిగానే మోసింది. తను చూడనిది లేనిదని ఎప్పుడు నిర్ణయించుకుందో ఆమెకే తెలియదు.

“చూడలేదండి. తల ఎత్తలేదు.”

“సాయిలు ఇల్లు ఎక్కడ?”

“కింది అంతస్తు. ముందు వసారా ఉంటుంది. గేటుకు ఎదురుగా, ఇరవై అడుగుల దూరం.”

“వసారాలో కూర్చున్న మనిషికి ఆ టేబుల్ కనిపిస్తుందా?”

“కనిపిస్తుంది.”

న్యాయమూర్తి ఏదో రాసుకుని, “రాసినాయన పక్కనే ఉండనక్కర్లేదు,” అన్నారు, ఇద్దరు వకీళ్లనూ చూస్తూ. “సాక్షి సంతకం చేస్తుంటే చూడగలిగే చోట, తెలిసి ఉంటే సమక్షమే. కానీ ఉన్నాడని ఎవరో ఒకరు చెప్పాలి. ఈవిడ చెప్పలేరు.”

“చెప్పలేరండి,” అన్నాడు నరసింహమూర్తి. కేసు అక్కడ ఆయన చేతిలో ఉంది. అనుభవం ఉన్న వకీలు కూర్చోవలసిన చోటు అది. అయితే న్యాయమూర్తి తెరిచిన ఆ సందును పూర్తిగా మూసేయాలని ఆయనకు అనిపించింది. సాక్షి జ్ఞాపకం దేనికీ పనికిరాదని తేలిపోతే సరిపోతుంది. ఇంకొక్క ప్రశ్న అడిగాడు.

“అమ్మా, మీరు తల ఎత్తలేదు, ఎవరినీ చూడలేదు. ఆ ఉదయం అక్కడున్న మనుషుల్లో ఒక్కరి పేరైనా ఈ కోర్టుకు చెప్పగలరా?”

సంయుక్త కళ్లు మూసుకుంది. ఎండ, టేబుల్ మీద పెన్ను కట్టిన దారం, క్యాబు హారన్. హారన్ ఎందుకు కొట్టాడు? ఏదో బండి అడ్డం ఉంది.

“చెప్పగలనండి,” అంది నెమ్మదిగా. “ఓంకార్ గారు ఉన్నారు. ఆయన బండి వసారా మెట్ల ముందు ఆపి ఉంది. నా క్యాబు కదలడానికి చోటు లేక డ్రైవరు హారన్ కొట్టాడు, సంతకం అయ్యాక ఆ బండి వైపు చూశాను. ఆయన ఇటు తిరగలేదు. నాకు వీపు పెట్టి, వసారా వైపు మాట్లాడుతున్నారు.”

“ఎవరితో?” ఈసారి అడిగింది న్యాయమూర్తి.

“అది నేను చూడలేదండి.”

నరసింహమూర్తి మెల్లగా కూర్చున్నాడు. హాలులో తలలన్నీ కిటికీ పక్కన నిలబడ్డ ఓంకార్ వైపు తిరిగాయి. ఎవరూ ఏమీ అననక్కర్లేదు. ఆ ఉదయం వసారాలో సాయిలు ఉన్నాడో లేడో తెలిసిన మనిషి భూమి మీద ఒక్కడే మిగిలాడు. లేడని ఒక్క మాట అంటే ఇల్లు వాడిది.

“ఓంకార్ ముందుకు రావాలి.”

“మేడమ్, మా తరఫు సాక్ష్యం ఇంకా మొదలు కాలేదు,” నరసింహమూర్తి మళ్లీ లేచాడు. “ఈ దశలో నా కక్షిదారుణ్ని...”

“మీరు పిలవడం లేదు. నేను అడుగుతున్నాను. అడిగే అధికారం నాకుంది. మీ అభ్యంతరం రాసుకుంటాను, కూర్చోండి.”

సంయుక్త బోను దిగింది. ఎదురుగా వస్తున్న ఓంకార్ ఆమెకు దారి ఇచ్చి పక్కకు జరిగాడు. నిజం చెప్పి తన వంతు తీర్చుకున్నాననుకుంది ఆమె. ఆ నిజం సగమేనని, మిగతా సగం దాన్ని దాచుకుంటే లాభపడే మనిషి దగ్గర ఉందని అప్పుడు తెలిసింది. వెనక్కి వచ్చి కనకలక్ష్మి పక్కన కూర్చుంది. ముసలామె చేతులు ఒడిలో ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

ఓంకార్ ప్రమాణం చేశాడు. న్యాయమూర్తి ప్రశ్నను చిన్నదిగా, వంకరలేకుండా అడిగారు.

“ఈ మేడమ్ గేటు దగ్గర సంతకం పెడుతున్నప్పుడు మీ నాన్న ఎక్కడున్నాడు?”

ఓంకార్ తన వకీలు వైపు చూడలేదు. బోను కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“వసారల ఉన్నడు మేడమ్.”

“ఏం చేస్తున్నాడు?”

“కుర్సీల కూసొని ఈమె దిక్కే చూస్తుండు. నేను దవాఖానకు టైమైతుంది బండెక్కు అంటున్న. ఆగురా, ఆ బిడ్డ సంతకం పెట్టనీ అన్నడు. ఆమె పెన్ను పెట్టేదాక చూసినంకనే లేసిండు.”

ప్రవళిక రాసుకోవడం మొదలుపెట్టి మధ్యలో ఆపింది. చట్టానికి కావలసిన ముక్క అదే. ఇక దొరకదనుకున్నది, ఎదుటి పక్షం నోటి నుంచి, అడిగిన వెంటనే వచ్చేసింది. నరసింహమూర్తి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“అది తెలిసీ ఎందుకు అడ్డుపడ్డావు?” న్యాయమూర్తి గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. “ఇప్పుడు ఇది చెప్పినందుకు ఆ ఇల్లు నీకు రాకపోవచ్చు. తెలుసా?”

“తెలుసు మేడమ్. ఇంటి గురించి అడ్డం పడలే నేను.” ఓంకార్ అత్త వైపు చూశాడు. “మా నాయిన బండి మీద కూసున్నంక నాతోని ఒక మాట అన్నడు. తన చెల్లెకు ఇల్లు ఎందుకు రాసిండో చెప్పిండు. దవాఖానకు పోయేదాక అదే మాట. అది అబద్ధమని ఎవరన్న చెప్తరేమోనని మూడేండ్ల సంది కోర్టు చుట్టు తిరుగుతున్న. ఎట్లనన్న ఆ కాయితం తప్పని తేలితే, ఆ మాట గూడ తప్పైతదనుకున్న.”

“ఏమిటా మాట?”

బెంచీ కిర్రుమంది. సంయుక్త పక్కన ఉన్న మనిషి లేచి నిలబడింది. ఇన్ని వాయిదాల్లో హాలు లోపల పేరు పిలిచినప్పుడు తప్ప నోరు తెరవని కనకలక్ష్మి, ముందు బెంచీ వీపును పట్టుకుని, బంట్రోతు వారిస్తున్నా వినకుండా, న్యాయమూర్తికి దండం పెట్టింది.

“అమ్మా, ఇల్లు వానికే ఇయ్యుండ్రి,” అంది. “నాకొద్దు. ఆ మాట మాత్రం వానితోని చెప్పియ్యకుండ్రి.”